వాల్-ఈ మ్యూజిక్: మాటల్లేని చోట మా జేజికి కథ చెప్పింది ఇదే

ముందే చెప్తాండా, ఇదేం కొత్త సినిమా కాదు. 2008లో వచ్చింది, పిక్సార్ వాళ్ళది, ఆండ్రూ స్టాంటన్ డైరెక్టరు. ఎండాకాలం సెలవుల్లో మా పాపకు చూపిద్దామని పెట్టినా, పాప కోసం పెట్టిన సినిమాకి ఇల్లంతా వచ్చి కూర్చున్నారు, ఆ తర్వాత నేను దాని మ్యూజిక్ ఆల్బమ్ ఫోన్లో ఎక్కించుకుని వారం పది రోజులుగా అదే పనిగా వింటాండా, మా ఆవిడ "ఇంగ ఆపుతావా, కూర తిరగవాత వేసేటప్పుడు కూడా అదే గుర్తొస్తాంది" అనేదాకా వచ్చింది. అందుకని సినిమా సంగతి తక్కువ, మ్యూజిక్ సంగతి ఎక్కువ.

కథ అయితే ఇంతే: జనం భూమిని చెత్తతో నింపేసి, ఇంక ఉండలేక పెద్ద స్పేస్ షిప్పెక్కి పోయి 700 ఏళ్ళయింది. కింద పని చేసే రోబో ఒక్కటే మిగిలింది, పేరు వాల్-ఈ, పొద్దున లేచి చెత్తను కడుపులో వేసుకుని నొక్కి ఇటుకల్లా చేసి పేర్చడమే పని. ఒకరోజు పైనుంచి ఈవ్ అని తెల్లగా నున్నగా ఉండే ఇంకో రోబో దిగుతుంది. మిగతాది చూసుకోండి.

అసలు సంగతి ఏందంటే, మొదటి అరగంట పైన దాదాపు మాటలే లేవు. పాత అడ్వర్టైజ్‌మెంట్లు ఏవో వాగుతుంటాయి గానీ ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీనే ఉండదు. మా జేజికి ఎనభై దాటినాయి, ఇంగ్లీషు రాదు, డబ్బింగ్ సినిమాలంటే అసలు పడదు, "నోరొకటి మాటొకటి" అని లేచిపోతాది. ఆరోజు కూలర్ ముందర కూర్చుని చెనక్కాయలు ఒలుస్తా ఒక కన్ను టీవీ మీద వేసింది, పది నిమిషాలకు చేట పక్కన పెట్టేసింది. "పాపం ఒంటిగాడు గదరా వీడు" అంది. ఆమెకు ఎవరమూ ఒక్క ముక్క చెప్పలేదు. రోబోకి మొహం కూడా లేదు, రెండు బైనాక్యులర్ కళ్ళు అంతే. మరి ఎట్ల తెలిసింది అంటే సగం ఆ బొమ్మ గీసినోళ్ళ గొప్పతనం, సగం థామస్ న్యూమన్ మ్యూజిక్ గొప్పతనం అని నేననుకుంటున్నా.

మన సినిమాల్లో ఒంటరితనం అంటే వయొలిన్లు లాగి లాగి మనల్ని ఏడిపించిందాకా వదలరు. న్యూమన్ ఆ పని చేయడు. '2815 ఏ.డి.' అని మూడున్నర నిమిషాల ట్రాక్ ఉంది, దుమ్ములో దూరంగా ఏదో మెరిసినట్టు చిన్న చిన్న శబ్దాలు వస్తాయి, ఆర్కెస్ట్రా మెల్లగా లేస్తుంది, లేచినాక కూడా అరవదు. వాడి పేరు మీదే ఉన్న ట్రాక్ అయితే తన పని తను చేసుకునేవాడి నడక మాదిరి టకటకా పోతుంది, దాంట్లో ఏడుపే లేదు, అందుకే వాడిని చూస్తే ఎక్కువ జాలేస్తుంది. ఇది నాకు మూడోసారి విన్నాక గానీ అర్థం కాలా.

ఇప్పుడు అసలైన దానికి వస్తా. వాల్-ఈ దగ్గర ఒక వీడియో క్యాసెట్ ఉంటుంది. సాయంత్రం డ్యూటీ అయినాక వాడి డబ్బా ఇంటికి పోయి ఆ క్యాసెట్ పెట్టుకుని, చిన్న ఐపాడ్ తెర ముందర భూతద్దం పెట్టి చూస్తా కూర్చుంటాడు. ఆ క్యాసెట్ 'హలో డాలీ' అని 1969 నాటి సినిమా, అదీ అంతకు ముందు 1964లో న్యూయార్క్ స్టేజీ మీద ఆడిన పాటల నాటకం, పాటలు జెర్రీ హెర్మన్‌వి. ఆ క్యాసెట్ కనపడంగానే మా జేజి "ఇది మన డెక్కు క్యాసెట్టే గదరా" అంది. కడప జిల్లాలో కువైట్‌కు పోయినోళ్ళు ఉన్న ఇండ్లలో పెరిగినోళ్ళకు డెక్కు అంటే ఏందో చెప్పాల్సిన పని లేదు, మిగతావాళ్ళకు చెప్తే, వీడియో క్యాసెట్లు ఆడించే డబ్బా. మా చిన్నాయన మొదటిసారి వచ్చినప్పుడు తెచ్చిన డెక్కు ఇప్పటికీ అటక మీద ఉంది, దాంతో పాటు తెచ్చిన సౌండు బాక్సులకే నేను ఇప్పుడు టీవీ కలిపి పెట్టినా. బాస్ ఇంకా గుండెల్లో కొడతాది.

సినిమా మొదలు కావడమే ఆ నాటకం పాటతో. తెర మీద నక్షత్రాలు, నెబ్యులాలు, వెనక మైకేల్ క్రాఫర్డ్ గొంతుతో పండక్కి కొత్త బట్టలేసుకుని ఊరు చూసొద్దాం అన్నట్టుండే హుషారు పాట. స్పేస్ చూపిస్తా వేయాల్సిన పాటేనా అది! భవిష్యత్తు సినిమా అంటే బీప్ బీప్ అని సింథసైజర్ కొడతారు అనుకుంటాం, వీళ్ళు పాత డ్రామా పాట వేసినారు. తర్వాత కెమెరా కిందికి దిగి చెత్త కొండలు చూపిస్తుంటే అదే పాట గాలిలో పల్చబడిపోయి, వాల్-ఈ ఒంటికి ఉన్న చిన్న స్పీకర్లోంచి గరగరా వస్తుంది. అక్కడ ఒళ్ళు జలదరించింది, నిజం. డైరెక్టర్ స్టాంటన్ స్కూల్లో చదువుకునేటప్పుడు ఈ నాటకంలో వేషం వేసినోడేనంట, ఆ పాట తలలో ఉండిపోయింది.

ఈ ముక్క చెప్తే మా జేజి నవ్వింది. ఆమె చిన్నప్పుడు సురభి వాళ్ళు డేరా వేసి నెల నెలలు నాటకాలు ఆడేవాళ్ళంట, మాయాబజార్‌లో మనుషులు గాల్లోంచి దిగేవాళ్ళంట. సురభి మన జిల్లాదేనని ఎంతమందికి తెలుసో, ఆ ఊరి పేరే సురభి, వనారస గోవిందరావు 1885లో అక్కడే మొదలుపెట్టినాడు. జేజి ఇప్పటికీ బియ్యం ఏరేటప్పుడు ఏదో పద్యం ముక్క రాగం తీస్తాది, ఏ నాటకమో ఆమెకే గుర్తు లేదు, ముందుదీ తెలీదు వెనకదీ తెలీదు, ఆ రెండు పాదాలే. వాల్-ఈ కూడా అంతే, ఆ క్యాసెట్లో వాడికి కావాల్సింది రెండే పాటలు. ఒకటి ఈ హుషారు పాట, రెండోది ఇద్దరు చేతులు పట్టుకునే చోట వచ్చే మెత్తటి పాట, 'ఇట్ ఓన్లీ టేక్స్ ఎ మొమెంట్'. ఆ రెండో పాటే సినిమా మొత్తానికి తాళంచెవి. చేయి పట్టుకోవడం అనేది వాడు ఆ పాట చూసే నేర్చుకున్నాడు. కడాకు కూడా కథను నిలబెట్టేది అదే, ఎట్లనో చెప్పను.

ఇంకొక తమాషా. హలో డాలీ సినిమాకి మ్యూజిక్ చేసినందుకు ఆస్కార్ తీసుకున్న ఇద్దరిలో ఒకడు లయొనెల్ న్యూమన్. ఆయన మన థామస్ న్యూమన్‌కి స్వయానా చిన్నాయన. నాయనేమో ఆల్ఫ్రెడ్ న్యూమన్, 9 ఆస్కార్లు. టాయ్ స్టోరీకి పాటలు కట్టిన ర్యాండీ న్యూమన్ పెద్దనాయన కొడుకో చిన్నాయన కొడుకో, మొత్తానికి అన్నదమ్ముల వరస. అంటే చిన్నాయన పని చేసిన పాత సినిమా పాటను 40 ఏళ్ళ తర్వాత అన్న కొడుకు తన సినిమాలో చుట్టూ మ్యూజిక్ అల్లి కూర్చోబెట్టాడన్నమాట. ఈ మాట మా చిన్నాయనకు చెప్తే "అన్న కొడుకులు చిన్నాయనకు పనికొచ్చేది సినిమాల్లోనే" అని నాకే తగిలిచ్చినాడు.

మా చిన్నాయన గురించి చెప్పాలి. ఆయన కువైట్ పోకముందు పెండ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. దేవుని కడప బ్రహ్మోత్సవాల టైములో, చుట్టుపక్కల పెండ్లిళ్ళలో ఆయన ఉన్న సెట్టుకు మంచి పేరే ఉండేదంట. పాట రెండుసార్లు వింటే చాలు చేతికి వచ్చేస్తాది, నోట్స్ గీట్స్ ఏమీ తెలీదు. తర్వాత పద్నాలుగేళ్ళు అక్కడ డ్రైవరు. ఆయన ఈ సినిమా అంతా కళ్ళు సగం మూసుకుని చూసినాడు, నిద్రపోతున్నాడు అనుకున్నాం, మధ్యలో ఉన్నట్టుండి "ఇదేదో మాయగా ఉందే, ఇంగోసారి వెయ్" అన్నాడు. అది 'డిఫైన్ డాన్సింగ్'.

ఆ సీన్ తెలియనోళ్ళకు: వాల్-ఈ ఒక మంట ఆర్పే సిలిండర్ పట్టుకుని బుస్సుమని గ్యాస్ వదులుకుంటా స్పేస్‌లో ఎగురుతుంటాడు, ఈవ్ పక్కన తిరుగుతుంటుంది, అదే వాళ్ళ డ్యూయెట్టు. మాటల్లేవు, పాట లేదు, రెండు నిమిషాల ఇరవై సెకన్ల చిల్లర మ్యూజిక్ అంతే. హార్ప్ మీద వేళ్ళు జారినట్టు మొదలై వయొలిన్లు వచ్చి కలుస్తాయి. చిన్నాయన చెప్పింది ఏందంటే, ఇందులో తాళం కొట్టేవాడు ముందర లేడు, కింద నేల లేనట్టే వాయించినారు, డోలు గానీ డ్రమ్ము గానీ గట్టిగా పడుంటే వాళ్ళు ఎగరరు, నడిచినట్టు ఉంటాది అని. నాకు అంత చెవి లేదు గానీ ఆయన చెప్పినాక మళ్ళీ విన్నా, నిజమే. ఈ ట్రాక్‌కి అరేంజ్‌మెంట్ మీద గ్రామీ కూడా వచ్చింది, న్యూమన్‌కీ, కడాన వచ్చే పాట పాడిన పీటర్ గాబ్రియేల్‌కీ కలిపి.

ఇక్కడ బెన్ బర్ట్ పేరు చెప్పకుంటే పాపం తగులుతాది. ఆయనది సౌండ్ డిజైన్, వాల్-ఈ గొంతు కూడా ఆయనదే. వాడు నడిచేటప్పుడు వచ్చే గుర్రుమనే శబ్దం చేత్తో తిప్పే పాత జనరేటరుదంట, ఈవ్ లేజర్ పేల్చే శబ్దం పిల్లలు ఆడుకునే స్లింకీ స్ప్రింగుదంట. మా పాప దగ్గర రెయిన్‌బో స్ప్రింగ్ ఒకటి ఉంది, ప్లాస్టిక్‌ది, అది లాగి లాగి కొట్టింది, టపటప తప్ప ఏం రాలా, ఇనప స్ప్రింగయితే వచ్చేదేమో. ఛార్జింగ్ నిండినప్పుడు వాల్-ఈ ఒంట్లోంచి ఆపిల్ మ్యాక్ కంప్యూటర్ ఆన్ చేస్తే వచ్చే ఢాంగ్ శబ్దం వస్తాది, అది గుర్తుపట్టి నేనొక్కడినే నవ్వినా, ఇంట్లో అందరూ నన్ను విచిత్రంగా చూసినారు. సంగతేందంటే సినిమాలో ఈ శబ్దాలూ న్యూమన్ మ్యూజిక్కూ ఒకదానికొకటి సందు ఇచ్చుకుంటా పోతాయి, ఏది మ్యూజిక్కో ఏది మోటార్ శబ్దమో కొన్నిచోట్ల తెలీదు.

అందుకే ఆల్బమ్‌గా వినేటప్పుడు అదే పెద్ద లోటు. ఆల్బమ్‌లో 38 ట్రాకులు, అన్నీ కలిపి గంట. చాలా వరకు నిమిషం, నిమిషంన్నర ముక్కలు. ఒకటైతే 15 సెకన్లు, ఇంకోటి 'బీఎన్ఎల్' అని 20 సెకన్ల, సినిమాలోని కంపెనీ అడ్వర్టైజ్‌మెంట్ పాట. చెవికి ఎక్కేలోపల అయిపోతాయి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊర్ల పేర్లు చదివినట్టు. రాజంపేట దాకా ఒకసారి వింటా పోయినా, సినిమా చూడనోడికి ఇది పెడితే సగం ట్రాకుల్లో ఏం జరుగుతాందో అర్థం కాదు, 'గోఫర్', 'టైపింగ్ బాట్' లాంటివి బొమ్మ లేకుండా వినడం దండగ. షిప్పు కెప్టెన్ మొదటిసారి సొంత కాళ్ళ మీద లేచి నిలబడేటప్పుడు రిచర్డ్ స్ట్రాస్ 1896 నాటి మ్యూజిక్ ఢమఢమా వస్తాది చూడండి, థియేటర్ అయితే విజిళ్ళు పడేది, అదీ ఆల్బమ్‌లో లేదు.

షిప్పు లోపలి మ్యూజిక్ మాత్రం వేరే రుచి. అక్కడ జనం కుర్చీల్లోంచి లేవరు, ఎదురుగా తెర, చేతిలో గ్లాసు. అక్కడ వచ్చే 'ది ఆక్సియమ్' (ఆ షిప్పు పేరే అది) ట్రాకు పెద్ద హోటల్ లిఫ్టులో వేసినట్టు మెత్తగా, శుభ్రంగా, కొంచెం ఎక్కువ శుభ్రంగా ఉంటాది, కావాలనే అట్ల చేసినారు. ఒక ట్రాకు పేరు '72 డిగ్రీస్ అండ్ సన్నీ', షిప్పులో రోజూ అదే వాతావరణం అన్నమాట. ఫారెన్‌హీట్ 72 అంటే మన లెక్కలో 22. మా కడప కోటిరెడ్డి సర్కిల్లో మధ్యాహ్నం రెండింటికి నిలబడినోడికి ఆ ట్రాకు పేరు వింటేనే కడుపు మండుతాది. మా ఆవిడ "ఆ షిప్పు టికెట్ ఎంతో కనుక్కో" అంది.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 'లా వీ ఆన్ రోజ్' కూడా ఉంది, 1950 నాటి రికార్డింగు. ఈవ్ వెనకాల వాల్-ఈ తిరిగేటప్పుడు వస్తాది. ఆ ట్రంపెట్ మొదలుకాంగానే మా చిన్నాయన నిటారుగా కూర్చున్నాడు. "ఈ ముసిలాయన ఎవరో గానీ ఊపిరి మీద ఊపిరి తీసుకోకుండా వాయిస్తాండాడు" అని రెండుసార్లు అన్నాడు. నాకు ఆల్బమ్ మొత్తంలో ఎక్కువసార్లు విన్నది ఇదే అని ఒప్పుకోవాలంటే కొంచెం సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఇది న్యూమన్ చేసింది కాదు గదా.

ఇంక మన కడపోళ్ళు తెలుసుకోవాల్సిన ముచ్చట. 2009 ఆస్కార్లలో బెస్ట్ స్కోర్‌కి, అంటే నేపథ్య సంగీతానికి, వాల్-ఈ నామినేట్ అయింది, బెస్ట్ సాంగ్‌కి 'డౌన్ టు ఎర్త్' నామినేట్ అయింది. రెండూ పోయినాయి. ఎవరికి పోయినాయంటే ఏ.ఆర్. రెహమాన్‌కి! స్లమ్‌డాగ్ మిలియనేర్ ఏడాది అది. పాటల్లో మొత్తం మూడే నామినేషన్లు, అందులో రెండు రెహమాన్‌వే, మూడోది వాల్-ఈ ది. న్యూమన్‌కి 2020 నాటికి 15 నామినేషన్లు, ఒక్కటీ రాలా, నాయనకేమో తొమ్మిది వచ్చినాయి. రెహమాన్ మన పెద్ద దర్గాకి ఉరుసుకు వస్తుంటాడని ఊరందరికీ తెలుసు, ఆ లెక్కన వాల్-ఈ మ్యూజిక్‌ని ఓడించింది మనోడే. నేను అప్పట్లో టపాసులు కాల్చిన బ్యాచ్‌లో ఉన్నా, ఎదురుగా ఏముందో వినకుండానే. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి వింటే జై హో మీద ప్రేమ తగ్గలా గానీ, స్కోర్ వరకు అడిగితే నా ఓటు వాల్-ఈ కే. తిట్టుకోండి.

ఆ 'డౌన్ టు ఎర్త్' సినిమా అయిపోయినాక పేర్లు పడేటప్పుడు వస్తాది, పీటర్ గాబ్రియేల్ పాడినాడు, వెనక దక్షిణాఫ్రికా సొవెటో గాస్పెల్ క్వయర్ అనే బృందం. ఆరు నిమిషాలు. లేచి పోవద్దు దయచేసి. పాటకు తగ్గట్టు పక్కన బొమ్మలు మారుతుంటాయి, గుహల్లో గీసిన బొమ్మలతో మొదలై ఈజిప్టు, ఆ తర్వాత వాన్ గో పెయింటింగ్ మాదిరి, కడాకు పాత వీడియో గేము చుక్కల బొమ్మలు. తిరిగొచ్చిన జనం మళ్ళీ మొదటినుంచి ఊర్లు కట్టుకున్నది అట్ల చూపించినారు. అవార్డు ఫంక్షన్లో ఈ పాటను 65 సెకన్లకు కుదించి పాడమంటే గాబ్రియేల్ పాడనన్నాడు, జాన్ లెజెండ్ పాడినాడు. గాబ్రియేల్ చేసిందే కరెక్ట్ అనిపిస్తాది, ఆ పాట మెల్లగా ఊపందుకునేదే రెండో నిమిషం తర్వాత.

చిన్నాయన ఆ పాట ఏం చెప్తాంది రా అని అడిగినాడు. పైన తిరిగింది చాలు, కిందికి దిగండి, నేల మీద కాలు పెట్టండి అని చెప్తాంది అన్నా. "దిగడం తేలికా? చెన్నై ఎయిర్‌పోర్టులో దిగి, రెండు పెట్టెలు మోసుకుని కడప బస్సెక్కి దిగేసరికి నడుమే దిగిపోయేది" అన్నాడు. మళ్ళీ కాసేపాగి ఆ పాటే వేయమన్నాడు.

కొనాలా వద్దా అంటే: సినిమా చూడకుండా ఆల్బమ్ జోలికి పోవద్దు. చూసినాక మాత్రం మొదటి పాట, '2815 ఏ.డి.', 'డిఫైన్ డాన్సింగ్', ఆర్మ్‌స్ట్రాంగ్, 'డౌన్ టు ఎర్త్', ఈ ఐదూ ఫోన్లో పెట్టుకోండి, చిన్న బ్లూటూత్ డబ్బాలో వినొద్దు, హార్ప్ రేకు మీద చినుకులు పడినట్టు వినపడింది నాకు, హెడ్‌ఫోన్ గానీ మంచి బాక్సులు గానీ పెట్టండి. అయిదుకు సినిమాలో మ్యూజిక్‌కి అయిదు, ఆల్బమ్‌కి మూడున్నర.

మా చిన్నాయన క్లారినెట్ అటక మీదనుంచి దించినాడు. రీడ్ పగిలిపోయి ఉంటే ఆన్‌లైన్లో తెప్పిచ్చినా, నాలుగు రోజులకొచ్చింది. రోజూ సాయంత్రం మిద్దె మీద ఆ నాటకం పాట మొదటి లైను ఒకటే వాయిస్తాండాడు, ఎదురింటోళ్ళు ఏ సినిమా అని అడిగితే చెత్తెత్తే వాడి సినిమా అంటాడు. వచ్చే నెల మా అత్త కొడుకు పెండ్లిలో వాయించమన్నాం. రెండో లైను ఇంగా చేతికి రాలేదంట.